బెంగళూరు నుంచి క్యారవాన్‌లో నీలగిరికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది బెంగళూరు తూర్పున, కె.ఆర్. పురం దాటాక. మా అపార్ట్‌మెంటులో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. మేం మూడుసార్లు క్యారవాన్ (లోపలే మంచాలు, వంటగది, టాయిలెట్ ఉండే బండి) అద్దెకు తీసుకుని కొండలకు వెళ్లొచ్చిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి లిఫ్టులోనూ, స్కూలు బస్సు కోసం నిలబడ్డ చోటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఎక్కువసార్లు అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. అన్నీ బెంగళూరు నుంచి శుక్రవారం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాసినవే.

కారు, హోటల్ రూము సరిపోవా? క్యారవాన్ ఎందుకు?

ఇద్దరే అయితే కారు, రూము హాయిగా సరిపోతాయి. మేం క్యారవాన్ వైపు వెళ్లింది నాన్న కోసం. ఆయనకు షుగరు. గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. దారిలో ఎక్కడ ఆపాలి, అక్కడ శుభ్రంగా ఉంటుందా అనే టెన్షన్‌తో నాలుగేళ్ల పాటు ఏ ఊరికీ రానన్నారు. అనంతపురం నుంచి మా ఇంటికి రావడమే గగనం. బండిలోనే టాయిలెట్ ఉంటుందని చెప్పాక, "అయితే వస్తానురా" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను అద్దె కట్టేశాను.

పెద్దవాళ్లు, పసిపిల్లలు, బయటి తిండి పడనివాళ్లు ఉన్న కుటుంబానికి క్యారవాన్ నిజంగా మేలు చేస్తుంది. రోజుకు నాలుగైదు చోట్లు చుట్టేయాలనుకునేవాళ్లకు మాత్రం అది భారమే. ఏడు మీటర్ల బండిని ఊటీ మార్కెట్ రోడ్డులో తిప్పడం ఎవరికీ సరదాగా ఉండదు.

మూడు రోజుల్లో ఎన్ని ఊళ్లు చూడొచ్చు?

ఒక్కటే. నా మాట నమ్మండి. మొదటిసారి మేం చిక్కమగళూరు, మడికేరి, ఊటీ మూడూ ఒకే ట్రిప్పులో కలిపేశాం. మూడో రోజు మా చిన్నది, "నాన్నా, ఇవాళ కూడా బండిలోనే కూర్చోవాలా?" అని అడిగింది. ఆ పిల్లకు గుర్తున్నవన్నీ కిటికీ అద్దంలోంచి చూసినవే.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. రెండు రాత్రులైతే రెండూ ఒకే చోట. కొండదారిలో రోజుకు వంద కిలోమీటర్లు దాటకూడదు. రెండో రోజు బండిని కదపకూడదు. క్యారవాన్ అంటే చక్రాలున్న ఇల్లు. ఇంటిని మంచి చోట పెట్టుకుని ఉండటానికి వెళ్తున్నాం, ఇంటిని ఊరంతా తిప్పడానికి కాదు.

రెండో రోజు మేం చేసేది ఇది. బండిని బస చేసిన చోటే వదిలేసి, లోకల్ ట్యాక్సీలో ఊటీ స్టేషన్‌కి వెళ్లి, కూనూరు దాకా కొండ రైలు ఎక్కుతాం. లవ్‌డేల్, కేత్తి, అరువంకాడు, వెల్లింగ్టన్ మీదుగా గంటా గంటంపావు ప్రయాణం. ఈ రైలు మార్గం మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వచ్చింది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి, సెలవుల్లో దొరకవు. కేత్తి దగ్గర కుడి, ఎడమ అని వెతుక్కోకండి, లోయ కనబడగానే పెట్టెలో అందరూ అటువైపే తిరుగుతారు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

జనవరి నుంచి మార్చి మధ్య దాకా, మళ్లీ సెప్టెంబరు చివర. నైరుతి రుతుపవనం జూన్ నుంచి గూడలూరు వైపు కొండల మీద విరుచుకుపడుతుంది, మన దారి సరిగ్గా అటే. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనంతో కూనూరు, కోతగిరి వైపు వాన. అప్పుడు ఘాట్‌లో కొండచరియలు విరిగి పడుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వాతావరణం బాగానే ఉంటుంది కానీ జనం. మేలో ఊటీ బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన జరిగే రోజుల్లో పెద్ద బండితో ఊరి దరిదాపులకు వెళ్లకపోవడమే నయం.

ఇదే మొదటిసారి. నేరుగా ఊటీకి వెళ్లొచ్చా?

మీరే నడిపేటట్టయితే వద్దు. ముందు చిన్న కొండ మీద బండిని అర్థం చేసుకోండి. బెంగళూరు నుంచి ఏలగిరి సుమారు 160 కిలోమీటర్లు, పద్నాలుగు హెయిర్‌పిన్ వంపులు (వెనక్కి తిరిగినట్టుండే మలుపులు), పైన సుమారు 1,100 మీటర్ల ఎత్తు. వంపులకు తమిళ కవుల, పాతకాలపు తమిళ రాజుల పేర్లు పెట్టారు, పిల్లలు లెక్కపెట్టుకుంటూ చదువుకుంటారు.

మన వైపు కావాలంటే మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఉంది. ఏనుగు మల్లమ్మ కొండ అని పాత పేరు. కడప కలెక్టరుగా చేసిన హార్స్‌లీ అక్కడ వేసవి విడిది కట్టుకున్నాక ఆ పేరు స్థిరపడింది. ఎత్తు 1,200 మీటర్లు దాటుతుంది, బెంగళూరు నుంచి మూడున్నర గంటలు. దారిలో అడిగితే తెలుగులో జవాబు వస్తుంది, పెద్దవాళ్లకు అదో ధైర్యం.

సేలం మీదుగా ఏర్కాడు ఆ తర్వాతి మెట్టు: ఇరవై వంపులు, సుమారు 1,500 మీటర్లు. కొల్లి మలై మాత్రం క్యారవాన్‌కి కాదు. డెబ్బై హెయిర్‌పిన్ వంపులు, ఒకదాని వెనక ఒకటి. చిక్కమగళూరు బాగుంటుంది, కాఫీ తోటల్లో బస దొరుకుతుంది, కానీ ముళ్లయ్యనగిరి శిఖరం వైపు రోడ్డు సన్నం. పెద్ద బండిని కిందే వదిలి జీపులో వెళ్లండి.

ఊటీకి ఏ దారి? ఎన్ని గంటలకు బయల్దేరాలి?

మైసూరు, నంజనగూడు, గుండ్లుపేట, బందీపూర్, ముదుమలై, గూడలూరు, ఊటీ. మొత్తం సుమారు 300 కిలోమీటర్లు. మ్యాప్ ఆరున్నర గంటలు చూపిస్తే మీరు తొమ్మిది వేసుకోండి.

మేం తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంటికి తాళం వేస్తాం. ఆరు లోపు కెంగేరి దాటితే సగం బాధ తీరినట్టే. మైసూరు ఎక్స్‌ప్రెస్ రహదారి 2023లో మొదలైంది కాబట్టి బిడది, మద్దూరు లాంటి ఊళ్లు ఇప్పుడు పక్కన ఉండిపోయాయి. తట్టె ఇడ్లీ, మద్దూరు వడ కావాలంటే కావాలని సర్వీసు రోడ్డులోకి దిగాలి. దిగండి, పిల్లలకు అవి చాలా ఇష్టం. పది గంటలకు గుండ్లుపేట. అక్కడ డీజిల్ నింపుకుని, అందరూ ఒకసారి కాళ్లు చాపుకుని, అడవిలోకి.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది: బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. 2009 నుంచి ఉన్న నియమం ఇది. రాత్రిపూట బండ్ల కింద పడి జంతువులు చనిపోతుండటంతో పెట్టారు. గేటు దగ్గర బతిమాలితే తీయరు, తీయకూడదు కూడా. సాయంత్రం నాలుగు లోపు గుండ్లుపేట చేరలేమని అనిపిస్తే ఆ రాత్రి మైసూరులోనే ఆగిపోండి. అడవి దాటినా గూడలూరు పైన ఘాట్‌లో చీకటి పడుతుంది, మంచు దిగుతుంది, ఎదుటి బండి లైట్లు తప్ప ఏమీ కనబడదు.

మసినగుడి మీదుగా దగ్గర కదా? మ్యాప్ అటే చూపిస్తోంది.

దగ్గరే. ముదుమలై అడవిలో రెండు దారులూ చీలే తెప్పకాడు నుంచి ఊటీకి అటు వెళ్తే గూడలూరు దారిలో సగం దూరం. ఆ దగ్గరదనానికి చెల్లించేది కల్హట్టి ఘాట్‌లో. ముప్ఫై ఆరు హెయిర్‌పిన్ వంపులు, నిట్టనిలువు ఎక్కుడు. 2018లో అక్కడ ఒక కారు లోయలో పడి, రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత బయటి జిల్లాల బండ్లను ఆ దారిన కిందికి దిగనివ్వడం లేదు. ఎక్కడానికి కార్లను వదులుతారు. కానీ బరువు మొత్తం పైన ఉండే క్యారవాన్‌ని అక్కడ ఎక్కించకండి. గూడలూరు దారి పొడుగైనా వంపులు తీరుబడిగా ఉంటాయి, నడువట్టం దగ్గర తేయాకు తోటలు, పైకరా దగ్గర నీళ్లు, యూకలిప్టస్ వాసన, అన్నీ ఆ దారిలోనే.

ఈ-పాస్ తప్పనిసరా?

ఊటీకి, కొడైకెనాల్‌కి కావాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి మొదలైంది. 2025 వేసవిలో నీలగిరికి బండ్ల సంఖ్య కూడా కట్టడి చేశారు: మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000. తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ సైట్‌లో బండి నంబరు, మనుషుల సంఖ్య, తేదీలు, ఉండబోయే చోటు ఇస్తే పాస్ వస్తుంది. అద్దె బండి కాబట్టి నంబరు ముందే అడిగి తీసుకోండి. ఆఖరి నిమిషంలో యజమాని వేరే బండి పంపితే పాస్ మళ్లీ తీయాలి. ఒకసారి మాకు తెల్లవారుజామున మూడున్నరకు ఆ పని పడింది.

ఎలాంటి లైసెన్స్ ఉండాలి? ఏ బండి అద్దెకు తీసుకోవాలి?

ఇక్కడ దొరికే క్యారవాన్లలో చాలావరకు టెంపో ట్రావెలర్ లాంటి వ్యానుల మీద కట్టినవి. కొన్ని పికప్‌ల మీద కట్టినవి, నలుగురికి ఇరుకు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే మామూలు ఎల్‌ఎంవీ (కార్లు నడపడానికి తీసుకునే) లైసెన్స్ చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం తేల్చింది.

లైసెన్స్ కంటే నంబరు ప్లేటు ముఖ్యం. డ్రైవరుతో వచ్చే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, మనమే నడుపుకునే అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని తక్కువకు ఇస్తామంటే తీసుకోవద్దు. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని అద్దెకు తిప్పితే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. పక్క రాష్ట్రానికి వెళ్తున్నాం కాబట్టి టూరిస్టు పర్మిట్ అమల్లో ఉందా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా అని కాగితాలు చూసి మరీ అడగండి. వాట్సాప్‌లో ఫొటోలు పంపమంటే నిజమైన యజమాని నిమిషంలో పంపుతాడు.

డ్రైవరుతోనే తీసుకోమని నా సలహా. మేం మూడుసార్లూ అలాగే వెళ్లాం. మొదటి రెండుసార్లు మధ్యలో కొంత దూరం నేనూ నడిపాను. డ్రైవరుకు రాత్రి పడుకోవడానికి సరైన చోటు, వేళకు భోజనం చూడాల్సింది మనమే. నిద్ర లేని డ్రైవరు చేతిలో మన ఇంటిల్లిపాదీ ఉంటారు.

బండి చేతికి వచ్చేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

గంట సమయం పెట్టుకోండి, పగటి వెలుతురులో. లోపలా బయటా వీడియో తీయండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2322 అంటే 2022లో ఇరవై మూడో వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరుతో ఘాట్ ఎక్కకండి, పైకి ఎంత కొత్తగా కనబడినా సరే. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ బయటికి తీసి చూడండి. చిన్న ఎక్కుడు మీద హ్యాండ్‌బ్రేక్ వేసి బండి ఆగుతుందో లేదో చూడండి.

తర్వాత ఇంటి సంగతి. నీళ్ల మోటారు వేసి అన్ని కుళాయిలూ తిప్పండి. ఫ్రిజ్ ముందు రోజు నుంచే ఆన్‌లో ఉందా? గ్యాస్ పైపు మీద పగుళ్లు ఉన్నాయా? సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వస్తున్నాయా? బండి ఎత్తు ఎంతో అడిగి, అంకె రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించండి. రైల్వే కింది వంతెన ముందు ఆ అంకె అక్కరకొస్తుంది.

ఘాట్‌లో క్యారవాన్ నడపడానికీ కారుకీ తేడా ఏమిటి?

చాలా తేడా. ఈ జవాబు కొంచెం ఓపికగా చదవండి.

క్యారవాన్ ఎత్తు ఎక్కువ, బరువు పైన. వంపులో కారులా లాగితే ఊగుతుంది, అలమరలోని గిన్నెలన్నీ ఒక పక్కకు జరిగిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే వేగం ఎక్కువైందని లెక్క. లీటరు నీళ్లంటే కిలో బరువు, కాబట్టి వంద లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే మరో ఇద్దరు మనుషుల్ని ఎక్కించినట్టే. ఘాట్ ఎక్కేముందు ట్యాంకులో పావు వంతే ఉంచి, పైకి వెళ్లాక నింపుకోండి. బరువైన సామాను కింద, చక్రాల మధ్య సర్దండి.

హెయిర్‌పిన్ దగ్గర ముందు వెడల్పుగా వెళ్లి తర్వాత తిప్పాలి. వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, బండి తోక బయటికి ఊగుతుంది. వంపుకు ముందు హారన్ కొట్టి, ఎక్కే బండికి దారి ఇవ్వండి. వెనక నాలుగు కార్లు చేరితే వెడల్పైన చోట పక్కకు ఆగి వదిలేయండి.

అసలు పరీక్ష దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే గేరు. ఇంజినే బండిని పట్టుకోవాలి, బ్రేకు సాయానికే. రెండో ట్రిప్పులో నడువట్టం కింద నేను స్టీరింగ్ దగ్గర ఉన్నాను. మూడో గేరులో హాయిగా పోతోంది కదా అని బ్రేకు మీద కాలు పెట్టే ఉంచాను. పది నిమిషాలకు రబ్బరు కాలిన వాసన. వెనక కూర్చున్న అమ్మ, "ఏదో మాడుతోందిరా, స్టవ్ ఆర్పారా?" అంది. స్టవ్ కాదు. బ్రేకు తొక్కితే పెడల్ మామూలు కంటే లోతుకు దిగింది. డ్రైవరన్న నెమ్మదిగా, "రెండో గేరు వేయండి సార్, ఇంకొంచెం ముందు చోటుంది" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆపి, చక్రం దగ్గర చెయ్యి పెడితే రెండు జానల దూరం నుంచే సెగ తగిలింది. నీళ్లు పోయబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలిన ఇనుము మీద చల్లటి నీళ్లు పోస్తే పగులుతుందట. నలభై నిమిషాలు పిట్టగోడ మీద కూర్చున్నాం. ఆ రోజు తర్వాత దిగేటప్పుడు నేను స్టీరింగ్ ముట్టుకోలేదు.

వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెంటనే గేరు తగ్గించి, చోటు చూసి ఆపేయండి. న్యూట్రల్‌లో దిగడం అనే మాటే వద్దు. వాలులో ఆపితే హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయిని తీసి రోడ్డు పక్కకు వేయండి. చాలామంది అక్కడే వదిలేసి పోతారు, రాత్రి బైకు మీద వచ్చేవాడికి అది కనబడదు.

నడుస్తున్న బండిలో పడుకోవచ్చా? వంట చేసుకోవచ్చా?

రెండూ వద్దు. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీట్లో, బెల్టుతో. మంచం చూడగానే పిల్లలు ఎక్కేస్తారు, బయల్దేరేముందే చెప్పి ఉంచండి. కత్తులు, కుక్కరు, వేడి ఫ్లాస్కు అన్నీ తలుపున్న అరల్లో ఉండాలి.

పిల్లలకు వాంతులు అవుతాయేమో?

పక్కకు తిరిగి ఉండే సీట్లో కూర్చుంటే పెద్దవాళ్లకే తిప్పుతుంది. ముందుకు చూసే సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ తీసేసుకోండి. గూడలూరులో పెరుగన్నం కొంచెమే పెట్టండి. మందు వాడాలనుకుంటే డాక్టరును ముందే అడిగి, ఘాట్ మొదలవడానికి అరగంట ముందు వేయాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే నిలవదు.

రాత్రి బండి ఎక్కడ ఆపాలి?

రోడ్డు పక్కన, వ్యూపాయింటు దగ్గర, అడవిలో, ఈ మూడూ కాదు. బందీపూర్, ముదుమలై పులుల అభయారణ్యాలు. అక్కడ పగటిపూట కూడా బండి ఆపి దిగడం నేరం, జరిమానా వేస్తారు.

హోమ్‌స్టే లేదా రిసార్టు ఆవరణలో ఆపుకోవాలి. ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఏడు మీటర్ల బండి గేటులోంచి పట్టి లోపల తిరుగుతుందా? నేల సమంగా ఉంటుందా? రాత్రికి ఒక పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఇస్తారా? ఒక రూము కూడా తీసుకుంటామంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆ రూము డ్రైవరుకి ఇవ్వండి, పొద్దున్నే వేడినీళ్ల స్నానం అందరికీ అవుతుంది. మేం కేత్తి వైపు ఒక కేరట్ తోట పక్కన ఆగుతాం. నేల సమంగా లేకపోతే రాత్రంతా నెత్తురు తలకెక్కినట్టుంటుంది, ఫ్రిజ్ సరిగా పనిచేయదు. గిన్నెలో నీళ్లు పోసి నేల మీద పెడితే వాలు తెలిసిపోతుంది.

కేరళలో 2021లో క్యారవాన్ టూరిజం విధానం తెచ్చి, వాగమన్‌లో ప్రత్యేకంగా పార్కు పెట్టారు. నీలగిరికి, మన హార్స్‌లీ కొండకు కూడా అలాంటిది వస్తే ఎంత బాగుంటుందో.

కరెంటు సరిపోతుందా? ఏసీ నడుస్తుందా?

లెక్క వేసుకుందాం. పన్నెండు వోల్టుల, 200 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సుమారు 2,400 వాట్-అవర్లు. చిన్న ఫ్రిజ్ రోజుకు ఒక 600 తింటుంది. లైట్లు, మోటారు, ఫోన్లు కలిపి మరో 300. ఇండక్షన్ స్టవ్ అరగంట పెడితే 900 ఖర్చు. ఏసీ వేస్తే రెండు గంటల్లోపే అయిపోతుంది. కొండ మీద ఏసీ అక్కర్లేదు, మైసూరు దాకా ఎండలో మాత్రం బండి నడుస్తున్నప్పుడు పనిచేసే ఏసీ ఉందో లేదో అడగండి. పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే పైన చెప్పిన దానిలో సగమే వాడుకోవాలి, మొత్తం పిండితే పాడవుతుంది.

నీళ్లు, టాయిలెట్ సంగతి?

అందరూ మొహమాటపడి ఆఖర్న అడిగేది, నేనైతే మొదట అడగమంటాను. నలుగురికి వంద లీటర్లు ఒకటిన్నర రోజు వస్తాయి, స్నానాలు బయట చేస్తే. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, తర్వాత కడిగితే నీళ్లు సగం మిగులుతాయి.

టాయిలెట్ చాలా బండ్లలో క్యాసెట్ రకం. కింద ఒక డబ్బా ఉంటుంది, రెండు రోజులకోసారి బయటికి లాగి ఖాళీ చేయాలి. దాన్ని హోమ్‌స్టే వాళ్ల మరుగుదొడ్లోనే, వాళ్లను అడిగి, ఖాళీ చేయాలి. కాలువలో, తోటలో, రోడ్డు పక్క తుప్పల్లో పొయ్యడం మహా పాపం. కొండ మీద మనం పోసింది కింద ఊరివాళ్ల తాగునీళ్లలోకి వెళ్తుంది. సబ్బు నీళ్లకూ ఇదే మాట. అద్దెకిచ్చిన ఒకాయన "దారిలో ఎక్కడో వదిలేయండి సార్, ఎవరూ చూడరు" అన్నాడు. మళ్లీ ఆయన దగ్గర తీసుకోలేదు.

తాగే నీళ్లకు స్టీలు బిందెలు, ఇంటి నుంచి తెచ్చిన సీసాలు. నీలగిరి జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం, చిన్న నీళ్ల బాటిళ్లు కూడా అందులోకే వస్తాయి. చెక్‌పోస్టులో వెతికి తీసేసుకుంటారు.

వంట ఎలా? ఊటీలో పప్పు ఉడకదని అంటారు, నిజమేనా?

ఉడుకుతుంది, ఆలస్యంగా. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 2,240 మీటర్ల ఊటీలో సుమారు 92-93 డిగ్రీలకే తెర్లుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు పెడితే గంట గడిచినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కరు తప్పనిసరి. బెంగళూరులో మూడు విజిళ్లయితే అక్కడ ఐదారు. పప్పు పొద్దున్నే నానబెడితే గ్యాస్ కలిసొస్తుంది. బయట గాలి ఒత్తిడి తక్కువ కావడంతోనే చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బుతాయి, షాంపూ సీసా మూత తీయగానే పొంగుతుంది. పిల్లలకు చూపించండి.

మొదటి రోజుకు ఇంటి నుంచి పులిహోర. తర్వాత అన్నం, కంది పొడి, నెయ్యి, ఊరగాయ, కేత్తి సంతలో కొన్న కేరట్ వేపుడు. పొద్దున తవ్వి కడిగిన కేరట్‌ని మా అమ్మ పచ్చిదే సగం తినేసింది. సిలిండరు బండికి బిగించి ఉన్నదే వాడండి, ఇంటి సిలిండరు ఎక్కించకండి. వండేటప్పుడు కిటికీ, పైన గాలి మూత రెండూ తెరిచి ఉండాలి.

చలికి ఏం చేయాలి?

డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగే రోజులుంటాయి, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. రేకు బండి ఇంటి కంటే త్వరగా చల్లబడుతుంది. మనిషికి ఒక రగ్గు, ఒక దుప్పటి, ఉన్ని టోపీ. నాన్న కోసం రబ్బరు వేడినీళ్ల సంచి తీసుకెళ్తాం, కాళ్ల దగ్గర పెడితే మూడు గంటలు ఉంటుంది.

బొగ్గుల కుంపటి, బార్బెక్యూ పొయ్యి, వెలిగించిన గ్యాస్ స్టవ్, వీటిలో ఏదీ వెచ్చదనం కోసం లోపల పెట్టుకుని పడుకోకండి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత చలైనా పైన గాలి మూత రెండు వేళ్ల సందు తెరిచే ఉంచాలి.

ఖర్చు ఎలా లెక్కపెట్టుకోవాలి?

రోజు అద్దె ఒక్కటే చూసి పొంగిపోకండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు అందులో కలిసి ఉన్నాయి, దాటితే కిలోమీటరుకి ఎంత, డ్రైవర్ బత్తా, రాత్రి బత్తా, టోలు, పర్మిట్, శుభ్రం చేసే చార్జీ, డిపాజిట్, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. డీజిల్ మనదైతే, రానూపోనూ తిరుగుళ్లతో 620 కిలోమీటర్లు, లీటరుకు తొమ్మిది అనుకుంటే సుమారు 70 లీటర్లు. బస చోటుకి, రెండో రోజు ట్యాక్సీకి విడిగా. అన్నీ కలిపితే ఇద్దరికి హోటల్ చౌక, ఆరుగురికి క్యారవాన్ దగ్గర దగ్గర.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

అడవిలో చాలా చోట్ల ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఈ-పాస్ ప్రింటు తీసి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం ఎప్పుడు?

ఆదివారం ఉదయం ఎనిమిదికి దిగడం మొదలుపెట్టండి. మధ్యాహ్నం దాటితే గూడలూరులో, సాయంత్రం దాటితే మైసూరు రోడ్డులో ఇరుక్కుంటారు. బండి సోమవారం పొద్దున ఇచ్చేలా మాట్లాడుకుంటే ఆదివారం రాత్రి పరుగు ఉండదు.

అడవి దారిలో ఏనుగు ఎదురైతే?

ముందుకు వెళ్లకండి. కనీసం నాలుగు బస్సుల దూరంలో ఆగి, వెనక్కి జరగడానికి చోటు ఉంచుకోండి. హారన్ కొట్టొద్దు, హెడ్‌లైట్లు మినుకుమినుకుమనిపించొద్దు, ఫొటో కోసం తలుపు తీయొద్దు. కోతులకు అరటిపండు కూడా వేయొద్దు. బందీపూర్ దాటాక ఒకసారి మా ముందు ఒక ఆడ ఏనుగు రోడ్డు మధ్యలో నిలబడి, తొండంతో మట్టి వీపు మీద చల్లుకుంటూ పావుగంట కదల్లేదు. బండిలో ఎవరూ మాట్లాడలేదు, నాన్న మా చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వేలితో చూపిస్తూ ఉన్నారు. అది తుప్పల్లోకి దిగగానే వెనక కారువాడు హారన్ కొట్టాడు. డ్రైవరన్న కదిలించలేదు. అర నిమిషానికి ఇవతలి వైపు తుప్పల్లోంచి మోకాలెత్తు పిల్ల ఒకటి పరుగెత్తుకుంటూ రోడ్డు దాటింది. పెద్దది వెళ్లిపోయినా కొంచెంసేపు ఆగండి.